ఫ్యుగాజీ లైవ్ సిరీస్ రివ్యూ: షోకి ఐదు డాలర్లు, నేను ఇప్పటిదాకా కొన్నవి 23

ముందు రేటు సంగతి చెప్పేస్తా. ఫ్యుగాజీ అనే అమెరికన్ రాక్ బ్యాండ్ తమ పాత షోల రికార్డింగులు అమ్ముతోంది, ఒక్కోదానికి వాళ్ళు అడిగేది ఐదు డాలర్లు. అడగడమే, పట్టుబట్టరు, ఒక డాలర్ నుంచి వంద డాలర్ల దాకా మీకెంత ఇవ్వాలనిపిస్తే అంత కట్టి డౌన్లోడ్ చేసుకోవచ్చు. నేను మూడేళ్ళలో 23 షోలు కొన్నా, 22 షోలకి ఐదేసి ఇచ్చా, ఒక్కదానికి మాత్రం ఇరవై ఇచ్చా, అదెందుకో కింద చెప్తా.

ఫ్యుగాజీ పేరు మనవాళ్ళలో ఎంతమంది విన్నారో తెలీదు గానీ ఇక్కడ వాషింగ్టన్ డీసీ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళకి మాత్రం ఇది మన ఊరి బ్యాండ్ లెక్కే. 1987లో మొదలుపెట్టి 2002 దాకా పదిహేనేళ్ళు వాయించారు, వెయ్యికి పైగా షోలు, అమెరికాలో 50 రాష్ట్రాలూ తిరిగారు, బయట దేశాలు సరేసరి. వాటిల్లో 800 పైచిలుకు షోలు వాళ్ళ సౌండ్ చూసుకునేవాళ్ళు క్యాసెట్ల మీదా డ్యాట్ అనే డిజిటల్ టేపుల మీదా రికార్డ్ చేసి దాచారు, ఏదో అమ్ముకుందామని కాదు, అలా పెట్టెల్లో పడి ఉన్నాయి అంతే. బ్యాండ్ వాయించడం ఆపేశాక ఆ టేపులన్నీ తీసి, శుభ్రం చేసి, 2011 డిసెంబర్ నుంచి వాళ్ళ సొంత లేబుల్ డిస్కార్డ్ రికార్డ్స్ సైట్‌లో పెట్టడం మొదలుపెట్టారు. దాన్నే లైవ్ సిరీస్ అంటారు. ఒక్కో షోకి ఒక పేజీ. తేదీ, ఊరు, హాలు, ఎవరు రికార్డ్ చేశారు, సౌండ్ బాగుందా ఓ మాదిరిగా ఉందా, ఆ రోజు ఏ పాటలు వాయించారు, దొరికితే ఫోటోలు పాంప్లెట్లు కూడా. వాటితో పాటు ఆ రోజు గేటు దగ్గర టికెట్ ఎంత, జనం ఎంతమంది వచ్చారు అని కూడా రాస్తారు. పాట అమ్ముతూ పాత టికెట్ రేటు కూడా పక్కన రాసి పెట్టిన బ్యాండ్‌ని నేను ఇంకోటి చూడలేదు.

నాకు ఇది చూడగానే గుంటూరులో మా చిన్నప్పటి రికార్డింగ్ సెంటర్ గుర్తొచ్చింది. మా అన్నయ్య తెల్ల కాగితం మీద పాటల లిస్ట్ రాసుకుని, ఖాళీ క్యాసెట్ కొనుక్కుని వెళ్ళి ఇచ్చేవాడు, రెండ్రోజుల తర్వాత రమ్మనేవాళ్ళు, ఆ షాపాయన క్యాసెట్ మీద సన్న అక్షరాలతో పాటల పేర్లు రాసి ఇచ్చేవాడు. సైడ్ ఏ చివర్లో పాట సగంలో తెగిపోతే ఆ తెగిపోయిన చోటు కూడా మాకు పాటలో భాగమే. ఈ సిరీస్‌లో కూడా కొన్ని టేపులు అలాగే ఉంటాయి, పాట మధ్యలో టేపు అయిపోయి మళ్ళీ ఎక్కడో మొదలవుతుంది. కొంతమందికి చిరాకేమో, నాకైతే ఎవరో చేత్తో చేసి ఇచ్చిన వస్తువు చేతిలోకి వచ్చినట్టు ఉంటుంది.

నాకు ఈ బ్యాండ్ గురించి చెప్పింది మా ఆఫీసులో ఒక పెద్దాయన. రిటైర్ అయ్యేముందు లంచ్‌లో మాటల మధ్య, నేను అప్పుడే ఒక పెద్ద కాన్సర్ట్‌కి టికెట్లు బుక్ చేసి ఏడుపు మొహంతో కూర్చున్నా, టికెట్ 45 అని చూపించి చివరికొచ్చేసరికి సర్వీసు ఫీజనీ ఇంకేదో ఫీజనీ కలిపి 70 దాటించారు, ముగ్గురికి లెక్క వేసుకుంటే ఆ నెల సరుకుల ఖర్చులో సగం. ఆయన విని, నేను టీనేజ్‌లో ఉన్నప్పుడు మా ఊరి బెస్ట్ బ్యాండ్‌ని ఫోర్ట్ రీనో పార్కులో గడ్డి మీద కూర్చుని ఫ్రీగా చూశానమ్మా, హాల్లో అయితే ఐదు డాలర్లు అన్నాడు. ఆయన ఏదో పాత రోజుల గొప్ప చెప్తున్నాడనుకున్నా. ఇంటికెళ్ళి చూస్తే నిజమే. 1987లోనే కాదు, తర్వాత పేరొచ్చి వేలమంది వచ్చే రోజుల్లో కూడా టికెట్ చాలాచోట్ల ఐదు డాలర్లే, ఎక్కడో తప్పనిసరైతే కాస్త ఎక్కువ.

ఎలా కుదిరింది అని నేను చాలా రోజులు తవ్వాను, ఎందుకంటే నాకు లెక్కలు తెగకపోతే నిద్ర పట్టదు. మేనేజర్ లేడు. షోలు బుక్ చేసేది బ్యాండ్‌లో పాడే ఇయన్ మెకాయ్ అనే ఆయనే, ఫోన్ తీసుకుని ఒక్కో ఊరికీ తనే మాట్లాడేవాడు. వ్యాన్‌లో తిరిగారు. చర్చి హాళ్ళు, స్కూలు జిమ్ములు, కమ్యూనిటీ సెంటర్లు, మామూలు క్లబ్బులు ఎక్కడ తక్కువలో దొరికితే అక్కడ. పెద్ద లైటింగులూ పొగలూ ఉండవు. టీషర్టులు అమ్మరు, ఒక్కటి కూడా, అందుకని ఇది ఫ్యుగాజీ టీషర్టు కాదు అని రాసి బయట వేరేవాళ్ళు వేసి అమ్ముకున్నారట. పెద్ద లేబుల్స్ వెంటపడ్డా వెళ్ళలేదు, ఎందుకంటే లేబుల్ సొంతది. డిస్కార్డ్ అనేది 1980లో ఇయన్, ఆయన ఫ్రెండ్ జెఫ్ నెల్సన్ వాళ్ళు పిల్లలుగా ఉన్నప్పుడు తమ అప్పటి బ్యాండ్ రికార్డు వేసుకోవడానికి పెట్టుకున్నది, అందులో బ్యాండ్లతో కాగితం మీద కాంట్రాక్టులు ఉండవు, నోటి మాటే. సీడీల మీద కూడా ధర వాళ్ళే అచ్చేశారు, పోస్టు ఖర్చుతో కలిపి ఇంత అని, షాపువాడు ఎక్కువకి అమ్మితే కొనేవాడికి తెలిసిపోయేలా. మన దగ్గర సరుకు మీద ఎంఆర్పీ ఉంటుంది చూడండి, అదే పని ఒక రాక్ బ్యాండ్ తనంతట తను చేసింది.

ఇంకో మాట. వాషింగ్టన్ డీసీలో, అంటే సొంత ఊళ్ళో, వీళ్ళు వాయించినవి దాదాపు అన్నీ అయితే ఫ్రీ షోలు, లేకపోతే ఏదో ఒక మంచి పనికి డబ్బు పోగుచేసే బెనిఫిట్ షోలు, లేదా ధర్నాల్లో. 1991 జనవరి 12న గల్ఫ్ యుద్ధం మొదలవబోతుంటే వైట్‌హౌస్ ఎదురుగా లఫాయెట్ పార్కులో చలిలో నిలబడి వాయించారు. మనకి బెనిఫిట్ షో అంటే వేరే అర్థం స్థిరపడిపోయింది కదా, తెల్లవారుజామున హీరో సినిమా, టికెట్ రేటు మూడింతలు, పేరులో మాత్రం ఆ పాత మాట మిగిలింది. నేను కూడా అలాంటి టికెట్ల కోసం లైన్లో నిలబడ్డదాన్నే, ఆ సరదా నాకు తెలుసు. కానీ ఆ మాటకి ఉన్న అసలు అర్థం ఒక బ్యాండ్ పదిహేనేళ్ళు పట్టుకుని ఉందని తెలిసినప్పుడు మనసుకి ఎంత బాగా అనిపించిందో చెప్పలేను.

సరే పాటల సంగతి. నలుగురు. ఇయన్ గిటార్, పాట. గీ పిచొట్టో పాట, తర్వాత గిటార్. జో లాలీ బేస్. బ్రెండన్ క్యాంటీ డ్రమ్స్. ఇయన్ అంతకుముందు మైనర్ థ్రెట్ అనే పేరున్న పంక్ బ్యాండ్‌లో, గీ, బ్రెండన్ ఇద్దరూ రైట్స్ ఆఫ్ స్ప్రింగ్ అనే ఇంకో బ్యాండ్‌లో ఉండేవాళ్ళు. ఫ్యుగాజీ అనేది వియత్నాం యుద్ధంలో అమెరికా సైనికుల యాస మాట, పని అంతా చెడిపోయి చావు దాకా వచ్చిందనే అర్థంలో వాడేవాళ్ళు. మొదటి షో 1987 సెప్టెంబర్ 3న డీసీలో విల్సన్ సెంటర్‌లో. అది కూడా సిరీస్‌లో ఉంది, అప్పటికి గీ ఇంకా బ్యాండ్‌లో పూర్తిగా చేరలేదు. చేరిన కొత్తల్లో కూడా గిటార్ లేకుండా పాట, డాన్సు మాత్రమే, ఒకసారి ఫిలడెల్ఫియాలో జిమ్ములో షో జరుగుతుంటే బాస్కెట్‌బాల్ రింగులో కాళ్ళు దూర్చి తలకిందులుగా వేలాడుతూ పాడాడు, జెమ్ కోహెన్ తీసిన వాళ్ళ డాక్యుమెంటరీలో ఆ ముక్క ఉంది, చూస్తుంటే నాకు అరచేతులు చెమటలు పట్టాయి.

స్టూడియో ఆల్బమ్స్ ఎక్కడైనా దొరుకుతాయి, 1990 రిపీటర్ నుంచి 2001 ది ఆర్గ్యుమెంట్ దాకా. చాలావరకు ఇక్కడే ఆర్లింగ్టన్‌లో డాన్ జియెంటారా గారి ఇన్నర్ ఇయర్ స్టూడియోలో చేసినవి. ఆ స్టూడియో మొదట ఆయన ఇంటి బేస్‌మెంటే, తర్వాత పెట్టిన బిల్డింగ్ 2021లో మూతపడింది, నేను రోజూ ఆ దార్లో వెళ్ళిన రోజులు ఉన్నాయి, ఒక్కసారి కూడా తల తిప్పి చూడలేదు, తెలియక. కానీ లైవ్ సిరీస్ ఎందుకు కొనాలంటే వీళ్ళకి సెట్‌లిస్ట్ ఉండదు. స్టేజి ఎక్కేముందు ఏ పాట తర్వాత ఏది అని రాసుకోరు. ఒకళ్ళు గిటార్ మీద ఒక ముక్క అంటారు, డ్రమ్స్ అందుకుంటుంది, పాట మొదలైపోతుంది. మన భజనల్లో ఒకాయన పల్లవి ఎత్తుకుంటే మిగతావాళ్ళు తాళం అందుకోరూ, అచ్చం అలాగే. అందుకే ఒకే పాట పది షోల్లో విన్నా పది రకాలుగా ఉంటుంది. వెయిటింగ్ రూమ్ అని వాళ్ళ పాట అందరికీ తెలిసినది ఉంది, జో బేస్‌తో మొదలవుతుంది, గిటార్ కలుస్తుంది, ఇరవై సెకన్లు దాటగానే టక్కున అందరూ ఆగిపోతారు. ఆ నిశ్శబ్దం ఉందే, రికార్డులో అది ఖాళీ, లైవ్‌లో మాత్రం అది జనంతో నిండిపోతుంది. ఒక్కో ఊళ్ళో ఒక్కో రకంగా. ఒకచోట ఈల, ఒకచోట హాలంతా ఒకే అరుపు, ఒకచోట పాపం ఎవరో ఒక్కడే తొందరపడి పాట ఎత్తుకుని ఆగిపోయాడు. నేను పొద్దున్నే ట్రాఫిక్‌లో ఆ ముక్క వరసగా నాలుగు షోలవి పెట్టుకుని వింటా, ఇంటర్‌స్టేట్ 66 హైవే మీద అంతకన్నా చేసేది ఏముంటుంది.

వరసగా ఏళ్ళ ప్రకారం వింటే ఇంకో సుఖం ఉంది. 1988 నాటి టేపుల్లో పాటలు గట్టిగా, సూటిగా ఉంటాయి. 1993 వచ్చేసరికి రెండు గిటార్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి. 1998 తర్వాతవి వినండి, జెర్రీ బషర్ అని ఇంకొకాయన రెండో డ్రమ్స్ పట్టుకుని కలుస్తాడు, పాటలు నెమ్మదిగా ఊపిరి తీసుకుంటున్నట్టు ఉంటాయి, ఆగుతాయి, మెలికలు తిరుగుతాయి. పదిహేనేళ్ళలో ఒకే నలుగురు మనుషులు ఎవరూ మానేయకుండా, గొడవపడి విడిపోకుండా, ఎలా పెద్దవాళ్ళయ్యారో చెవులతో వినొచ్చు. పాటలు తెచ్చిన పేరు కన్నా ఈ ఎదుగుదలే నాకు ముఖ్యం అనిపిస్తుంది.

ఇప్పుడు ఆ ఇరవై డాలర్ల షో గురించి.

నేను ఇంజనీరింగ్ చదివేటప్పుడు హైదరాబాద్‌లో ఒక కాలేజీ ఫెస్ట్‌లో రాక్ షోకి వెళ్ళా, జీవితంలో మొదటిసారి. నాకూ నా ఫ్రెండ్‌కీ స్టేజి దగ్గర నిలబడి చూడాలని. రెండో పాటకే వెనక నుంచి అబ్బాయిలు తోసుకుంటూ వచ్చేశారు, చేతులు ఎక్కడెక్కడ వేశారో చెప్పను, కర్రల బారికేడ్‌కి పొట్ట నొక్కుకుపోయి ఊపిరి ఆడలేదు. స్టేజి మీద వాయిస్తున్న వాళ్ళకి మేము కనపడుతూనే ఉన్నాం, మూడు గజాల దూరం. ఒక్కళ్ళు ఆపలేదు. పైగా ఇంకా గట్టిగా అని అరిచారు. ఎలాగో పక్కకి వచ్చి పడ్డాం. ఆ తర్వాత చాలా ఏళ్ళు నేను ఏ మ్యూజిక్ నైట్‌కి వెళ్ళినా చివర గోడకి ఆనుకునే నిలబడ్డా.

ఈ సిరీస్‌లో 90ల మొదట్లో ఒక షో కొన్నా. మూడో పాట మంచి ఊపు మీద ఉంది. ముందు ఒక గిటార్ ఆగింది. తర్వాత రెండోది. డ్రమ్స్ ఒక్క రెండు దెబ్బలు పడి అదీ ఆగింది. హాల్లో గోల. అప్పుడు ఇయన్ గొంతు, కోపంగా కాదు, మన స్కూల్లో లెక్కల మాస్టారు మాట్లాడినట్టు, ఎవర్నో మర్యాదగా పిలిచి, నువ్వు జనాల మీద పడుతున్నావు, ముందున్న వాళ్ళకి దెబ్బలు తగులుతున్నాయి, ఆపు అని చెప్పాడు. ఆ మనిషి ఏదో అన్నాడు, మైకులో పడలేదు. అయితే నీ ఐదు డాలర్లు నువ్వు తీసుకుని వెళ్ళు అన్నాడు. తర్వాత తెలిసింది, వీళ్ళు కవర్లలో ఐదేసి డాలర్ల నోట్లు ముందే పెట్టి సిద్ధంగా ఉంచుకునేవాళ్ళు, ఎవడైనా మాట వినకపోతే ఆ కవరు చేతిలో పెట్టి బయటికి పంపడానికి. టికెట్ ఐదు డాలర్లే కాబట్టి ఆ పని చెయ్యగలిగారు! ఎవరికీ బాకీ లేరు, ఏ ప్రమోటర్‌కీ జవాబు చెప్పక్కర్లేదు. ఆ ముక్క విన్నప్పుడు నేను ఆఫీసు పార్కింగ్‌లో కారులో ఉన్నా, ఇంజను ఆపలేదు, అలాగే కూర్చుండిపోయా. పాతికేళ్ళ క్రితం మాకు కావాల్సింది ఆ ఒక్క నిమిషమే. ఇంటికెళ్ళి అదే షో ఇంకోసారి కొన్నా, పదిహేను డాలర్లు కొట్టి, మొత్తం ఇరవై. ఫైల్ అప్పటికే నా దగ్గర ఉంది, అయినా ఇవ్వాలనిపించింది.

డాక్యుమెంటరీలో కూడా ఇలాంటిదే ఒకటుంది, గీ స్టేజి మీద నుంచి ఇద్దరు కుర్రాళ్ళని పట్టుకుని, ఇందాక మీరు బయట బండి దగ్గర చిన్నపిల్లల్లా ఐస్‌క్రీమ్ తింటుంటే చూశాను, ఇప్పుడు ఇక్కడ రౌడీ వేషాలా అన్నట్టు గడ్డి పెడతాడు. హాలంతా నవ్వు. కొంతమంది అంటారు వీళ్ళు స్టేజి మీద పాఠాలు చెప్తారు, డబ్బిచ్చి పాట వినడానికొస్తే క్లాసు పీకుతారు అని. ఆ మాట అనేవాళ్ళు బారికేడ్ దగ్గర నలిగిన వాళ్ళు కాదని నా నమ్మకం.

లోపాలు లేవా అంటే ఉన్నాయి, చెప్పాలి. మొదటిది ఏది కొనాలో తెలీదు. వందల షోలు, ఊరు పేరు, తేదీ చూసి ఎంచుకోవడం కొత్తవాళ్ళకి అయోమయం. రెండోది సౌండ్. పేజీలో వాళ్ళే నిజాయితీగా రాస్తారు బాగుంది, చాలా బాగుంది అని, పూర్ అని రాసినవి నిజంగానే పూర్, నేను ఉత్సాహంలో అలాంటివి రెండు కొన్నా, పక్క గదిలో వాయిస్తున్నట్టు గొంతులు ఎక్కడో ఉన్నాయి, డ్రమ్స్ రేకు డబ్బాలా ఉంది. చరిత్ర కోసం ఉంచుకోవచ్చు, కారులో మాత్రం పనికిరావు. మూడోది పాటల మధ్య మాటలు, గిటార్ సరిచేసుకునే గ్యాపులు, వాళ్ళు ఏదీ కత్తిరించరు, ఇంట్లో పనిచేసుకుంటూ వింటే మాఆయన ఇది పాటా మీటింగా అని అడిగాడు. నాకు ఆ గ్యాపులే ఇష్టం, ఆయనకి కాదు, కాబట్టి మీ ఇంట్లో పరిస్థితి చూసుకోండి.

మావాడికి పదిహేనేళ్ళు, గిటార్ నేర్చుకుంటున్నాడు. పోయిన ఏడాది వాడికి ఇష్టమైన బ్యాండ్ మా దగ్గర్లో ఒక క్లబ్బుకి వస్తే తీసుకెళ్ళా, గేటు దగ్గర 21 నిండినవాళ్ళకే అన్నారు, టికెట్ మీద ఎక్కడో సన్నగా రాసి ఉంది, నేను చూసుకోలేదు. లోపల మందు అమ్ముతారు కాబట్టి పిల్లలకి పాట లేదు. వాడు కారులో ఒక్క మాట మాట్లాడలేదు. ఫ్యుగాజీ వాళ్ళు ఏ వయసు వాళ్ళనైనా రానివ్వాలి అనే షరతు మీదే షో ఒప్పుకునేవాళ్ళని వాడికి ఆ రాత్రి చెప్పా. అమ్మా, అలా కుదురుతుందా అన్నాడు. కుదిరింది నాన్నా, వెయ్యిసార్లు కుదిరింది అన్నా. ఆ తర్వాత నుంచి వాడు కూడా నాతో పాటు షోలు ఎంచుతున్నాడు, వాడి లెక్క వేరే, టికెట్ రేటూ జనం సంఖ్యా చూసి గేటు వసూలు ఎంతో గుణించి చెప్తాడు.

దసరాకి మేం ఫెయిర్‌ఫాక్స్ స్టేషన్‌లో దుర్గ గుడికి వెళ్తాం, ఇక్కడి తెలుగువాళ్ళు చాలామంది వెళ్తారు. అక్కడికి కొన్ని మైళ్ళ దూరంలోనే లోర్టన్, పాత జైలు ఉన్న చోటు. 1990 డిసెంబర్ 26న, క్రిస్మస్ మర్నాడు, ఫ్యుగాజీ ఆ జైల్లో ఖైదీల కోసం వాయించారు. జైలు 2001లో మూసేశారు, ఇప్పుడు అందులో కొంత భాగం ఆర్ట్స్ సెంటర్. పోయిన దసరాకి గుడి నుంచి వస్తూ మావాడు అడిగితే కారు అటు తిప్పా. ఎర్ర ఇటుకల బిల్డింగులు, మధ్యలో పెద్ద పచ్చిక, ఒక పెయింటింగ్ క్లాసు జరుగుతోంది. పులిహోర ప్యాకెట్లు పట్టుకుని కాసేపు బెంచీ మీద కూర్చుని తిన్నాం, వాడు ఫోన్లో ఆ ఏడాదిదే ఇంకో ఊరి షో పెట్టాడు, సౌండ్ తక్కువగా.

చివరి షో 2002 నవంబర్ 4, లండన్‌లో ఫోరమ్ అనే హాల్లో. ఇదే చివరిది అని ఎవరూ ప్రకటించలేదు. విడిపోయామని ఇప్పటికీ అనలేదు, పిల్లలు, ఇళ్ళు, పెద్దవాళ్ళ ఆరోగ్యాలు, వీటి కోసం ఆగారు, మళ్ళీ మొదలుపెట్టలేదు. జో, బ్రెండన్ కలిసి ది మెస్తెటిక్స్ అని వేరే బ్యాండ్‌లో వాయిస్తున్నారు, ఇయన్, ఆయన భార్య ఎమీ ఫరీనా, జో కలిసి కోరికీ పేరుతో 2020లో ఒక ఆల్బమ్ వేశారు. పాత పేరు పెట్టి పెద్ద స్టేడియంలో టికెట్ రెండొందల డాలర్లకి అమ్మితే ఒక్క రోజులో అమ్ముడుపోతాయి, అది వాళ్ళకీ తెలుసు, చెయ్యలేదు.

కొనాలనుకునేవాళ్ళకి నా సలహా. ముందు 1990 నుంచి 93 మధ్య ఏదో ఒక షో, సౌండ్ ఎక్సలెంట్ అని రాసి ఉన్నది తీసుకోండి. అది నచ్చితే 2001 తర్వాతది ఒకటి. ఆ రెండూ విన్నాక మాత్రమే 1987 మొదటి షో, అప్పుడే అందులో ఏం మొలకెత్తుతోందో తెలుస్తుంది. మీరు ఉంటున్న ఊళ్ళో ఎప్పుడైనా వాయించారేమో కూడా వెతకండి, డాలస్, చికాగో, న్యూజెర్సీ వైపు ఉన్నవాళ్ళకి దొరికే అవకాశం ఎక్కువ. మా ఇంట్లో 24వది ఏదనేది మావాడే ఎంచాలి ఈసారి, ఫోర్ట్ రీనోలో ఫ్రీగా వాయించిన షోల పేజీలు తెరిచి పెట్టుకున్నాడు, టికెట్ సున్నా కాబట్టి గుణించడానికి ఏమీ లేదని కాస్త దిగులుగా ఉన్నాడు.